ఫోనా, టీవీనా, ట్యూషనా? బడి లేని రోజుల్లో పిల్లల చదువుకు ఏది ఎంచుకోవాలి

2021లో, కరోనాతో బళ్లు మూసి ఉన్న రోజుల్లో రాస్తున్న మాటలివి. మా వాడు ఇప్పుడు రెండో తరగతి. ఒకటో తరగతి గది ఎలా ఉంటుందో వాడు చూడనే లేదు. 2020 మార్చిలో స్కూళ్లు మూసేటప్పటికి యూకేజీలో ఉన్నాడు. ఆ తర్వాత ఏడాది పొడుగునా తెలంగాణలో చిన్న తరగతులు తెరవలేదు. ఇప్పుడు 2021 జులై 1 నుంచి కొత్త సంవత్సరం కూడా ఆన్‌లైన్‌లోనే మొదలైంది. పొద్దున తొమ్మిదిన్నరకి ఫోన్ ముందు కూర్చుని "గుడ్ మార్నింగ్ మేడం" అని, మ్యూట్‌లోకి వెళ్లిపోయి, ఆ తర్వాత నలభై నిమిషాలు స్క్రీన్ మీద తన ముక్కు తానే చూసుకుంటూ కూర్చోవడంలో మాత్రం వాడు ఆరితేరాడు.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. దానికి మొన్న ఫిబ్రవరి 24న స్కూలు తెరిచారు. మార్చి 24 నుంచి మళ్లీ మూసేశారు. సరిగ్గా నెల.

నిరుడు నేను చేయని ప్రయోగం లేదు. ఆన్‌లైన్ క్లాసులు, టీవీ పాఠాలు, వీధి చివర ట్యూషన్, డబ్బు కట్టిన యాప్, చివరికి నేనే చాప వేసుకుని కూర్చోవడం. కొన్ని పనికొచ్చాయి, కొన్నింటికి డబ్బు పోయింది, ఒకటి రెండు ఇంట్లో గొడవలు తెచ్చిపెట్టాయి. పోయిన వారం మా చెల్లెలు ఆంధ్రలోని తిరువూరు నుంచి ఫోన్ చేసింది. "అక్కా, తొమ్మిది వేలు పక్కన పెట్టాను. పిల్లలకి ట్యాబ్ కొననా, యాప్ కట్టనా, ట్యూషన్ పెట్టనా?" అని. దానికి ఇద్దరు పిల్లలు. అమ్మాయి తొమ్మిదో తరగతి, అబ్బాయి నాలుగో తరగతి, ఇద్దరూ సర్కారు బడే. మరిది ఆటో నడుపుతాడు, అది ఇంట్లో కుట్టు మిషన్ మీద పని చేసుకుంటుంది. గంటన్నర ఫోన్‌లో చెప్పిందంతా ఇక్కడ రాసి పెడుతున్నాను, దానిలాగే ఆలోచిస్తున్న వాళ్లు చాలామంది ఉంటారు కదా అని.

ముందే ఒక మాట. అందరూ "ఏ యాప్ మంచిది, ఏ ఫోన్ మంచిది" అని మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టి దెబ్బతిన్నాను. మొదట చూసుకోవాల్సింది పిల్లవాడు ఏ తరగతి అన్నది, రోజులో ఏ గంట ఇంట్లో పెద్దవాళ్లెవరో ఒకరు వాడి పక్కన కూర్చోగలరన్నది. ఈ రెండూ తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే. ఇక మూడోది, ఉన్న ఫోన్ ఏ వేళకి ఖాళీగా ఉంటుంది. మరిది ఫోన్ పొద్దున ఏడింటికి ఆటోతో పాటు వెళ్లిపోయి రాత్రి తొమ్మిదికి వస్తుంది. అలాంటి ఇంట్లో పదింటి లైవ్ క్లాసు గురించి మాట్లాడుకుని లాభమేముంది?

ఆన్‌లైన్ లైవ్ క్లాసులు

ప్రైవేటు స్కూలు పిల్లలకి దీన్ని ఎంచుకునేదేమీ లేదు, స్కూలే నెత్తిన పెడుతుంది. అయినా ఎంతవరకు నమ్ముకోవాలన్నది మన చేతిలో ఉంది.

దీనిలో అసలైన లాభం ఒక్కటే, అవతల మనిషి ఉన్నాడు. అడిగితే జవాబు వస్తుంది. మా అమ్మాయికి ఏడో తరగతిలో సామాన్య సమీకరణాలు అర్థమైంది లైవ్ క్లాసులోనే. సార్ ఒక లెక్క చేసి చూపించి, "నువ్వు చెప్పమ్మా, ఈ పక్కనున్న 5 ఆ పక్కకి వెళ్తే ఏమవుతుంది?" అని పేరు పెట్టి అడిగేవారు. పేరు పిలుస్తారన్న భయంతో అది మెలకువగా ఉండేది. అదే సైన్స్ క్లాసులో అరవై మంది, మేడం పీపీటీ చదువుకుంటూ పోయేవారు. ఆ పీరియడ్‌లో మా అమ్మాయి ఇంకో విండోలో బొమ్మలు గీసేది. రెండూ ఆన్‌లైన్ క్లాసులే మరి. కాబట్టి స్కూలు "రోజుకు ఆరు పీరియడ్లు లైవ్" అంటే సంబరపడకండి. క్లాసులో ఎంతమంది, పిల్లల్ని పేరు పెట్టి అడుగుతారా, రాసింది దిద్దుతారా అని అడగండి.

గంటల లెక్క కూడా చూసుకోవాలి. 2020 జులైలో కేంద్ర విద్యాశాఖ 'ప్రజ్ఞత' పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటి నుంచి ఎనిమిది వరకు రోజుకు రెండు సెషన్లు మించకూడదు, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు. తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగు. ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకయితే మొత్తం అరగంట దాటకూడదు, అదీ తల్లిదండ్రులతో కలిపి. మా వాడి స్కూలు మొదట్లో రోజుకు నాలుగు క్లాసులు పెట్టింది. ఈ కాగితం వాట్సాప్ గ్రూపులో పెట్టి నలుగురు తల్లులం కలిసి అడిగితే రెండుకు తగ్గించారు. ఒక్కరు అడిగితే వినరు, నలుగురు కలిస్తే వింటారు.

ఇక ఖర్చు. రోజుకు 1.5 జీబీ ప్లాన్ మా ఇంట్లో మూడో పీరియడ్ అయ్యేసరికి అయిపోయేది. ఇద్దరు పిల్లలకి ఒకేవేళ క్లాసు ఉంటే రెండు ఫోన్లు కావాలి, రెండు ప్లాన్లు కావాలి. ఫీజు సంగతంటారా, తెలంగాణలో 2020 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 46 ప్రకారం 2020-21లో ప్రైవేటు స్కూళ్లు ట్యూషన్ ఫీజు మాత్రమే, అదీ నెలనెలా తీసుకోవాల్సి ఉండేది. ఆ సంగతి తెలియని తల్లిదండ్రులు మా వీధిలోనే సగం మంది. రసీదులో ట్యూషన్ ఫీజు కాకుండా ఇంకేవైనా పేర్లు ఉంటే అడగడం తప్పు కాదు.

ఏడెనిమిది తరగతుల నుంచి లెక్కలకి, సైన్స్‌కి లైవ్ క్లాసు పనికొస్తుంది. ఐదు లోపు పిల్లలకి దాన్నే చదువనుకుంటే మోసపోతాం. మా వాడు ఏడాదంతా క్లాసులకి హాజరయ్యాడు, అటెండెన్స్ నూటికి నూరు. వేసవిలో కూర్చోబెట్టి చదివిస్తే 'క' గుణింతం దాటి రాలేదు. ఒత్తులు చూస్తే బిత్తరపోయాడు.

టీవీ పాఠాలు

చాలామంది దీన్ని తీసిపారేస్తారు, "ఫ్రీగా వచ్చేదాంట్లో ఏముంటుందిలే" అని. నేనూ అనుకున్నాను. చూశాక మాట మార్చుకున్నాను.

తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలోను, రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానళ్లయిన టీ-శాట్‌లోను మూడు నుంచి పది తరగతుల వాళ్లకి పాఠాలు వేశారు. ఆంధ్రలో 2020 జూన్ నుంచి దూరదర్శన్ సప్తగిరిలో విద్యావారధి పేరుతో పాఠాలు వచ్చాయి. కేంద్రం తరఫున పీఎం ఈ-విద్య కింద తరగతికో ఛానల్ పెట్టారు. రాష్ట్రాల ఛానళ్లలో పాఠం చెప్పేది మన పాఠ్యపుస్తకాల్లోంచే, చెప్పేవాళ్లు బడిలో పాఠాలు చెప్పిన అనుభవం ఉన్న టీచర్లే. బొమ్మలు, ప్రయోగాలు బాగుంటాయి. మా అమ్మాయి ప్రైవేటులో ఇంగ్లీషు మీడియం అయినా జీవశాస్త్రం పాఠాలు టీ-శాట్‌లో తెలుగులో చూసి, తర్వాత ఇంగ్లీషు పుస్తకం తీసేది. విషయం ముందు సొంత భాషలో తలకెక్కితే ఇంగ్లీషులో పదాలు మాత్రమే నేర్చుకోవాలి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ స్కూల్లో ఇంగ్లీషు మీడియం చదివే పిల్లలకి ఈ చిట్కా ఖర్చు లేనిది.

లోపం తెలిసిందే, టీవీని ప్రశ్న అడగలేం. పాఠం అరగంటలో పరుగెడుతుంది. నోట్సు రాసుకునేలోపు బోర్డు మారిపోతుంది. పైగా మా ఇంట్లోలాగే చాలా ఇళ్లలో టీవీ ఉండేది హాల్లో. ఒక పక్క మా అత్తగారు కూరగాయలు తరుగుతుంటారు, ఇంకో పక్క చిన్నవాడు బంతి. "అయిపోయిందా, సీరియల్ వస్తుంది" అని అత్తగారు రెండుసార్లు అడిగాక పిల్లకి చిరాకు వచ్చేది.

టీవీ పాఠం పనికిరావాలంటే మూడు పనులు చేయాలని మాకు తేలింది. టైంటేబుల్‌ని టీవీ పక్కన గోడకి అంటించి, ఆ అరగంట టీవీ పిల్లదే అని ఇంట్లో అందరితో ముందే ఒప్పందం చేసుకోవాలి. పాఠం మొదలయ్యే ముందు పుస్తకంలో ఆ పేజీ తీసి, బొమ్మల కింద రాసింది ఒకసారి చదివించాలి. అయిపోగానే టీవీ కట్టేసి, "ఏం చెప్పారు?" అని అడగాలి. మూడోది ఐదు నిమిషాల పని. దాన్ని వదిలేస్తే మొదటి రెండూ దండగే. మా అత్తగారిని ఇందులోకి దింపాక గొడవ కూడా తీరింది. "రక్తం ఎర్రగా ఎందుకుంటదే?" అని ఆవిడ అడిగితే, మనవరాలు చేతులు తిప్పుతూ హిమోగ్లోబిన్ గురించి చెప్పేది. ఆవిడకి ఎంత అర్థమైందో కానీ పిల్లకి మాత్రం పాఠం వచ్చేసింది.

పాఠం తప్పిపోతే టీ-శాట్ యాప్‌లో, యూట్యూబ్‌లో దొరుకుతుంది. అక్కడైతే ఆపి ఆపి చూడొచ్చు. ఫోన్ రాత్రి తొమ్మిదికి ఇంటికి వచ్చే మా చెల్లెలి ఇల్లులాంటి చోట, లైవ్ కన్నా ఇదే నయం. వీడియో క్వాలిటీ 360కి తగ్గిస్తే డేటా కూడా నిలుస్తుంది.

ఒకటి, రెండు తరగతుల వాళ్లకి తెలంగాణలో ఈ టీవీ పాఠాలు పెట్టలేదు. అందుకు నేనేమీ బాధపడలేదు. ఆరేళ్ల పిల్లవాడు టీవీ చూసి రాయడం నేర్చుకోడు.

ఆంధ్రలో విద్యావారధిని మూడు రకాల ఇళ్లకి మూడు రకాలుగా వేసుకున్నారు. నెట్ ఉన్నవాళ్లకి ఆన్‌లైన్, లేనివాళ్లకి టీవీ, రేడియో, ఏదీ లేనిచోటికి వ్యాన్. ప్రభుత్వం చేసిన ఆ లెక్కే మన ఇంటికి మనం వేసుకోవడం మంచిది. జార్ఖండ్‌లో దుమ్కా జిల్లాలోనైతే ఒక ఊళ్లో చెట్లకి, గోడలకి లౌడ్‌స్పీకర్లు కట్టి పాఠాలు చెప్పారు. పిల్లలు వాటి కింద కూర్చుని రాసుకున్నారు.

వాట్సాప్‌లో వచ్చే వర్క్‌షీట్లు

దీనికి పెద్దగా చెప్పేదేమీ లేదు. పీడీఎఫ్ వస్తుంది, జిరాక్సు తీయించాలి లేదా చూసి రాసుకోవాలి. గ్రూపులో ఎవరో ఒకరు జవాబులు పెట్టేస్తారు, మిగతా ముప్ఫై మంది దించేస్తారు. ఫోటో పంపిస్తే మేడం బొటనవేలు గుర్తు పెడతారు. అయిపోయింది.

కానీ వాట్సాప్‌లో ఒక బంగారంలాంటి సౌకర్యాన్ని ఎవరూ సరిగ్గా వాడుకోవడం లేదు. అదే వాయిస్ మెసేజ్. పిల్లవాడు పాఠంలో ఒక పేరా పైకి చదివి పంపితే, టీచరుకైనా, వేరే ఊళ్లో ఉన్న తాతయ్యకైనా, వాడు ఎక్కడ ఆగుతున్నాడో, ఏ ఒత్తు మింగుతున్నాడో ఇట్టే తెలిసిపోతుంది. డేటా దాదాపు ఖర్చు కాదు. మీ టీచరుగారిని అడిగి చూడండి, వర్క్‌షీటు బదులు వారానికి రెండు వాయిస్ మెసేజ్‌లు పంపిస్తాం, వింటారా అని.

ట్యూషన్

బడి మూసినప్పుడు వీధిలో ట్యూషన్లు వెలిశాయి. ఉద్యోగం పోయిన ప్రైవేటు టీచర్లకి అదే కూడు పెట్టింది, ఆ సంగతి మరచిపోకూడదు. తల్లీ తండ్రీ ఇద్దరూ పనికి పోయే ఇంట్లో, చదువు రాని ఇంట్లో, ట్యూషన్ కంటే దిక్కు లేదు కూడా.

అయితే ఒక గదిలో ఇరవై మందిని, ఒకటో తరగతి నుంచి పది దాకా, తలుపులు మూసి ఫ్యాన్ వేసి కూర్చోబెట్టేదానికి పంపకండి. జబ్బు భయం ఒకటి. 2021 జులై నాటికి పిల్లలకి కరోనా టీకా రాలేదు. అప్పటికి పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకే ఇచ్చేవారు. రెండోది, అలాంటి చోట జరిగేది హోం వర్క్ పూర్తి చేయించడమే తప్ప చదువు చెప్పడం కాదు. నిరుడు మా వాణ్ణి రెండు నెలలు పంపాను. నోటుపుస్తకాలు అందంగా నిండాయి. అన్నీ బోర్డు మీద చూసి ఎక్కించినవే.

మంచి ట్యూషన్ ఎలా ఉంటుందో మా వెనకవీధిలో చూశాను. టీకా వేయించుకున్న డిగ్రీ అమ్మాయి ఒకతె, ఇంటి అరుగు మీద నలుగురే పిల్లలు, దగ్గరదగ్గర వయసువాళ్లు, గంటే. చూచిరాత లేదు. డిక్టేషన్, ఎక్కాలు, ఒక కథ చదవడం, అంతే. అరుగు, నలుగురు, గంట. ఈ మూడూ దొరికితే నెలకి ఇచ్చే ఆ నాలుగైదు వందలు ట్యాబ్ మీద పెట్టే తొమ్మిది వేల కన్నా ఎక్కువ ఫలితమిస్తాయి, ముఖ్యంగా మూడు నుంచి ఏడు తరగతుల వాళ్లకి.

డబ్బు కట్టే యాప్

ఇది నాకు చేదు అనుభవం, అందుకని పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటున్నాను. ఒక కంపెనీ కుర్రాడు వీడియో కాల్‌లో మా అమ్మాయికి ఏదో టెస్టు పెట్టి, "మేడం, పాపకి బేసిక్స్ వీక్" అని నన్ను బెదరగొట్టి, నెలనెలా ఈఎంఐ కట్టేటట్టు సంతకం పెట్టించాడు. పదిహేను రోజులు పిల్ల ఉత్సాహంగా చూసింది. ఆ తర్వాత ఆ ట్యాబ్‌లో చూసింది కార్టూన్లే. రద్దు చేస్తామంటే ఫోన్ ఎత్తే నాథుడు లేడు. ఈఎంఐ మాత్రం నెలాఖరుకి ఠంచనుగా కట్ అయ్యేది.

వీడియోలు బాగుంటాయి, కాదనను. పదో తరగతి, ఇంటర్ పిల్లలు, తమంతట తాము కూర్చుని చదివే అలవాటు ఉన్నవాళ్లు, లాభపడతారు. అలాంటి పిల్లలు ఉచితంగా దొరికేవాటితోనూ లాభపడతారు. పాఠ్యపుస్తకంలో పాఠాల పక్కన నలుపు తెలుపు గళ్ల క్యూఆర్ కోడ్ ఉంటుంది, చూసే ఉంటారు. దీక్ష అనే ప్రభుత్వ యాప్ వేసుకుని దాన్ని స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు వస్తాయి. ఈ యాప్ 2017 నుంచీ ఉంది. మా అమ్మాయి స్నేహితురాళ్లలో దాన్ని ఒక్కసారైనా తెరిచినవాళ్లు ఇద్దరు.

యాప్ కట్టాలనే అనుకుంటే, సేల్స్ మనిషి ముందు కూర్చుని నిర్ణయం తీసుకోకండి. నెల రోజుల ప్లాన్ ఉంటే అదే తీసుకోండి. ఏడాదికి అప్పుగా రాయించుకుంటామంటే దండం పెట్టి పంపించేయండి.

పుస్తకం, మనం

నిరుడు కేంద్రం, రాష్ట్రాలు, కంపెనీలు ఎన్ని చేసినా, పల్లె పిల్లల చదువు మీద సర్వేలు చేసే అసర్ వాళ్లు 2020 సెప్టెంబరులో పల్లెల్లో ఫోన్ ద్వారా చేసిన సర్వేలో తేలింది చూడండి. స్మార్ట్‌ఫోన్ ఉన్న ఇళ్లు 2018లో 36.5 శాతం ఉంటే 61.8 శాతానికి పెరిగాయి. అంటే అంత పెరిగినా పదింట నాలుగిళ్లలో స్మార్ట్‌ఫోన్ లేదు. పాఠ్యపుస్తకం మాత్రం పదింట ఎనిమిది మంది పిల్లల దగ్గర ఉంది. ఉన్నదాన్ని వదిలేసి లేనిదాని వెంట పరుగెత్తడం మనకి అలవాటు. మా చెల్లెలు కూడా ట్యాబ్ గురించి పావుగంట మాట్లాడింది గానీ, నిరుడు సర్కారు బడి పిల్లలకి ఉచితంగా ఇచ్చిన విద్యాకానుక సంచిలో వచ్చిన పాఠ్యపుస్తకాలు బీరువా మీద ఉన్న సంగతి నేను అడిగితే గానీ చెప్పలేదు.

ఇంకో లెక్క కూడా చెప్పాలి. అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ వాళ్లు 2021 జనవరిలో ఐదు రాష్ట్రాల సర్కారు బడుల్లో రెండు నుంచి ఆరు తరగతుల పిల్లల్ని, పదహారు వేల మందికి పైగా, పరీక్షించారు. మన రెండు రాష్ట్రాలూ అందులో లేవు. అయినా మనకి వర్తించదని అనుకోలేను. 92 శాతం మంది భాషలో ముందు ఏడాది వచ్చిన ఒక నైపుణ్యమైనా మరచిపోయారు. లెక్కల్లో 82 శాతం. కొత్త పాఠాలు పోవడం వేరు, వచ్చినవి మరచిపోవడం వేరు. అందుకే చిన్న పిల్లలకి సిలబస్ ఎంత అయిందన్న టెన్షన్ పెట్టుకోవద్దంటాను. చదవడం, రాయడం, కూడికలు, తీసివేతలు జారిపోకుండా చూసుకుంటే చాలు. మిగతాది బడి తెరిచాక పూడుతుంది.

దీనికి రోజుకో గంట చాలు, ఒక మనిషి కావాలి. ఆ మనిషికి చదువు రావాలన్న నియమం లేదు. మా పనిమనిషి రాత్రి అన్నం వండుతూ మూడో తరగతి కూతురి చేత పాఠం పైకి చదివిస్తుంది. తనకి అక్షరం రాదు. కానీ పిల్ల తడబడితే తెలిసిపోతుంది, "ఆగినవ్ కదా, మళ్లా చదువు" అంటుంది. చదివాక "అయితే ఆ నక్క ఏం జేసింది?" అని అడుగుతుంది. అంతకన్నా పెద్ద టీచర్ ట్రైనింగ్ ఏముంది?

మా ఇంట్లో ఆ గంట ఇలా గడుస్తుంది. మొదట ఇరవై నిమిషాలు పైకి చదవడం. పాఠ్యపుస్తకం విసుగొస్తే కథల పుస్తకం. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు కథలు స్థాయిలవారీగా ఉచితంగా దొరుకుతాయి, డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు. కాగితం మీద కావాలంటే హైదరాబాద్‌లోని మంచి పుస్తకం ప్రచురణల బొమ్మల పుస్తకాలు తక్కువ ధరకే దొరుకుతాయి. కొత్తపల్లి అనే పిల్లల పత్రిక నెట్‌లో ఉచితం. మా వాడికి వాటిలో పిల్లలు రాసిన కథలంటే ఎక్కువ ఇష్టం. "నేనూ రాస్తా" అని మొదలుపెట్టి మూడు వాక్యాల దగ్గర ఆపేస్తాడు, పోనీలెండి.

తర్వాత పది పదాల డిక్టేషన్. నిన్న తప్పినవి ఐదు, కొత్తవి ఐదు. ద్విత్వాక్షరాలు ఒక వారం, సంయుక్తాక్షరాలు ఇంకో వారం. ఆ పైన లెక్కలు, చింతగింజలతో. పది గింజలకో పోగు కట్టించి, పక్క స్థానం నుంచి అప్పు తేవడం అంటే ఏమిటో పోగు విప్పి చూపిస్తే, నెల రోజులు ఆన్‌లైన్‌లో ఎక్కని తీసివేత రెండు సాయంత్రాల్లో ఎక్కింది. కిరాణా చీటీ కూడా మంచి లెక్కల పుస్తకమే. పప్పు కిలో ఇంత, ముప్పావు తెస్తే ఎంత, రెండు వందల నోటిస్తే చిల్లర ఎంత రావాలి. ఐదో తరగతి పిల్లలకి భిన్నాలు దీనికంటే బాగా ఎక్కడా రావు.

దీని కష్టాలు దాచిపెట్టను. మొదటి కష్టం మన ఓపిక. అమ్మ టీచరైతే పిల్లలు మాట వినరు, అమ్మకి కోపం వస్తుంది. నేను రెండుసార్లు పెన్సిలు విసిరేశాను. మా ఆయన రాత్రి కూర్చుంటే వాడు బుద్ధిగా చేస్తాడు, నా దగ్గర చేయడు. అందుకని మనిషిని మార్చి చూడండి. నాన్న, అమ్మమ్మ, ఇంటర్ చదివే మేనత్త, ఎవరైనా. రెండో కష్టం పై తరగతులు. ఎనిమిది దాటాక బీజగణితం, భౌతికశాస్త్రం మనలో చాలామందికి రావు. అక్కడ పట్టుబట్టి కూర్చుంటే పిల్ల ముందు పరువు పోవడమే.

మరి ఎవరికి ఏది?

ఒకటి, రెండు తరగతులకి పుస్తకం, మనిషి. అంతే. స్కూలు లైవ్ క్లాసు పెడితే మేడం ముఖం చూసి పలకరించుకోవడానికి ఒక్కటి ఉంచండి. వారానికి రెండు వాయిస్ మెసేజ్‌లు పంపించండి.

మూడు నుంచి ఐదు వరకు కూడా దాదాపు అదే, కాకపోతే రోజుకో టీవీ పాఠం కలపొచ్చు. ఇంట్లో కూర్చునే మనిషి లేకపోతే అరుగు ట్యూషన్. ఈ వయసుకి సొంత ఫోన్ కొనడం నాకు ఇష్టం లేదు, ఎవరేమన్నా సరే.

ఆరు, ఏడు తరగతులు మధ్యలో ఊగుతుంటాయి. పిల్ల స్వభావం చూసుకోవాలి. తనంతట తాను కూర్చునే పిల్లకి టీవీ పాఠం, పుస్తకం, సాయంత్రం మీ ఐదు నిమిషాల ప్రశ్నలు చాలు. కదిలిపోయే పిల్లకి మనిషి కావాలి, ట్యూషనైనా సరే.

ఎనిమిది, తొమ్మిది, పదికి లెక్కలు, సైన్స్‌లో ప్రశ్న అడిగే వీలున్న లైవ్ క్లాసు కావాలి. స్కూలు ఇవ్వకపోతే ఆ సబ్జెక్టు చెప్పే టీచరు దగ్గర నలుగురైదుగురు కలిసి. సోషల్, తెలుగు, హిందీ టీవీతోనూ పుస్తకంతోనూ గడిచిపోతాయి. పదో తరగతి పరీక్షలు రద్దవుతాయిలే అని నిరుటిలాగా ధీమాగా ఉండకండి. రద్దయినా ఇంటర్‌లో ఎంపీసీ పుస్తకం తెరిచినప్పుడు ఆ గుంత ఎదురవుతుంది.

ఏదైనా ఒకేసారి రెండుకి మించి పెట్టుకోవద్దు. నిరుడు నేను ఐదూ పెట్టాను, రాత్రి అయ్యేసరికి పిల్ల కళ్లు మంటలని ఏడ్చేది. ఇప్పుడు స్క్రీన్ ముందు ఇరవై నిమిషాలకోసారి తల ఎత్తి ఇరవై సెకన్లు కిటికీలోంచి వేపచెట్టు చూడాలని రూలు పెట్టాం. చెట్టు మీద ఉడుత కనబడితే ఇరవై సెకన్లు రెండు నిమిషాలవుతాయి, అడగను.

మా చెల్లెలి లెక్క చివరికి ఇలా తేలింది. ట్యాబ్ వద్దు. పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి కాబట్టి, దానికి నాలుగున్నర వేలల్లో పాత ఫోన్ ఒకటి, ఇంట్లోనే ఉండేట్టు. లెక్కల సార్ రోజూ సాయంత్రం గ్రూప్ కాల్‌లో డౌట్లు చెబుతానన్నారట, అది వదలకూడదు. మిగతాది సప్తగిరి, యూట్యూబ్. నాలుగో తరగతి వాడు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా బడికి వెళ్లాడు గనక మా వాడికంటే నయమే. వాడికి ఫోన్ లేదు. చెల్లెలు మిషన్ తొక్కుతుంటే పక్కన పీట వేసుకుని పైకి చదవాలి, జాకెట్టు కొలతలు కూడి చెప్పాలి. మిగిలిన నాలుగున్నర వేలు బ్యాంకులో వేయమన్నాను. రెండు వారాలకోసారి నాకు ఒక వాయిస్ మెసేజ్ పంపాలి, పది పదాల డిక్టేషన్ ఫోటో పంపాలి. రెండుసార్లు వరసగా మెరుగు కనబడకపోతే ఆ డబ్బులు తీసి అరుగు ట్యూషన్‌లో వేయాలని ఒప్పందం.

నిన్న మొదటి మెసేజ్ వచ్చింది. వెనక మిషన్ చప్పుడు, మధ్యలో "అమ్మా, ఇది 'క్ష'నా?" అన్న ప్రశ్న, "నాకేం తెల్సు, అక్కని అడుగు" అన్న జవాబు. ఒక నిమిషం నలభై సెకన్లు. ఆరుచోట్ల ఆగాడు.